రాకెట్‌లో ఏం పోస్తారు? ఈ నెల మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రాకెట్ ఇంధనం మీదే ఉన్నాయి. అందుకని మిగతావి వచ్చే నెలకి తోసేసి వీటినే తీసుకున్నాను. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒకటే ఉంచాను, పెద్ద ఉత్తరాలు కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, పెట్రోలు మండుతుంది, కిరసనాయిలు మండుతుంది, గ్యాసు మండుతుంది. ఇన్ని ఉండగా రాకెట్‌కి ప్రత్యేకమైన ఇంధనం ఎందుకు? ఎక్కువ వేడి ఇచ్చేదే మంచి ఇంధనం అని మా ఫ్రెండ్ అంటోంది, నిజమేనా? పెట్రోలు పోస్తే రాకెట్ ఎగరదా?
– ఇంటర్ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో సగమే ఉందమ్మా, మిగతా సగంలోనే అసలు సంగతంతా ఉంది. కిలో నెయ్యి పూర్తిగా మండితే దాదాపు 37 మెగాజౌళ్ళ వేడి వస్తుంది. బాంబుల్లో పెట్టే టీఎన్‌టీ కిలో పేలితే వచ్చేది నాలుగు పైచిలుకు మెగాజౌళ్ళే. అంటే ఆత్రేయపురం పూతరేకు మీద రాసే నెయ్యి, లెక్క ప్రకారం, టీఎన్‌టీకి ఎనిమిది తొమ్మిది రెట్లు. అయినా నెయ్యితో ఎవరూ బండలు పేల్చరు, ఎందుకంటే నెయ్యి మండాలంటే కిలోకి మూడు కిలోల దాకా ఆక్సిజన్ గాల్లోంచి తెచ్చుకోవాలి, అదీ నిదానంగా. టీఎన్‌టీకి ఆ బాధ లేదు, కావలసిన ఆక్సిజన్ కొంత దాని అణువులోనే ఉంటుంది, పని రెప్పపాటులో అయిపోతుంది. మరి అంత వేగంగా శక్తి వదిలేది రాకెట్‌కి ఇంకా మంచిది కదా అంటే, కాదు. ఒక్కసారిగా పేలితే రాకెట్టే మిగలదు. మనకి కావలసింది పేలుడు కాదు, నిమిషాల తరబడి ఒకే జోరుతో సాగే మంట.

రాకెట్ గాలి లేని చోటికి పోతుంది కాబట్టి ఆక్సిజన్‌ని కూడా వెంట మోసుకుపోవాలి. ఆక్సిజన్ ఇచ్చే ఆ సరుకుని ఆక్సిడైజర్ అంటారు. బరువులో పెద్ద వాటా దానిదే, కిరసనాయిలు కిలో పోస్తే ద్రవ ఆక్సిజన్ రెండున్నర కిలోల దాకా పోయాలి. అందుకని ఈ ఇంధనం మంచిదా అని అడగడం కంటే ఈ జత మంచిదా అని అడగాలి. నెయ్యికి కూడా దాని ఆక్సిజన్ బరువు కలిపి చూస్తే 37 కాస్తా తొమ్మిదిన్నరకి దిగిపోతుంది.

ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా చదువు. రాకెట్ ముందుకు పోయేది వెనక్కి ఏదో ఒకటి విసరడం వల్ల. ఎంత వేగంగా విసిరితే ఒక్కో కిలో అంత గట్టిగా తోస్తుంది. నాజిల్ (ఇంజన్ వెనక ఉండే మూతి) లోంచి వాయువు బయటికొచ్చే వేగం ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది, అది ఎంత వేడిగా ఉంది, దాని అణువు ఎంత తేలిక. ఒకే వేడిలో ఉన్నా తేలిక అణువులు పరిగెడతాయి, బరువైనవి వెనకబడతాయి. హైడ్రోజన్ మండితే వచ్చేది నీటి ఆవిరి, అణుభారం 18. కిరసనాయిలు మండితే దానితోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, అది 44. మీ ఫ్రెండ్ లెక్కలో లేనిది ఇదే, పొగ తేలికగా ఉండాలి.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. దీపావళి తారాజువ్వలో దట్టించే సురేకారం, గంధకం, బొగ్గు మందు నుంచి వచ్చే వాయువు సెకనుకి కిలోమీటరు వేగం కూడా అందుకోదు. ఇస్రో వాడే ఘన ఇంధనం 2.7 కిలోమీటర్ల దగ్గర, కిరసనాయిలు–ద్రవ ఆక్సిజన్ జత 3.3 దగ్గర, హైడ్రోజన్–ఆక్సిజన్ జత 4.4 దగ్గర ఉంటాయి. తేడా ఇంతేనా అనిపిస్తుంది కానీ, భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకి 7.8 కిలోమీటర్ల వేగం కావాలి, దారిలో గాలి వల్లా భూమి లాగడం వల్లా పోయేది కలుపుకుంటే 9.4 దాకా లెక్క వేసుకోవాలి. అదంతా ఒకే దశలో, అంటే ఖాళీ అయిన ట్యాంకుల్ని మధ్యలో వదిలేయకుండా, చేయాలనుకుంటే, 3 కిలోమీటర్ల వేగం ఇచ్చే ఇంధనంతో బయల్దేరేటప్పటి బరువు చివర మిగిలే బరువుకి సుమారు 23 రెట్లు ఉండాలి, 4.4 ఇచ్చేదానితో ఎనిమిదిన్నర రెట్లు చాలు. రష్యాలో సియోల్కోవ్‌స్కీ అనే స్కూలు మాస్టారు ఈ సూత్రాన్ని 1903లోనే అచ్చువేశాడు. నీకు లాగరిథమ్ వచ్చు కాబట్టి నువ్వూ వేసి చూసుకోవచ్చు.

ఇంకో తమాషా చెబుతాను. కిలో హైడ్రోజన్ పూర్తిగా మండాలంటే 8 కిలోల ఆక్సిజన్ కావాలి, ఇది మీ కెమిస్ట్రీ పుస్తకంలో లెక్కే. కానీ రాకెట్ ఇంజన్లో ఐదారు కిలోలే ఇస్తారు. అంత కష్టపడి మోసుకొచ్చిన హైడ్రోజన్‌లో కొంత కావాలనే మండనివ్వరన్నమాట. ఎందుకంటే మిగిలిపోయిన హైడ్రోజన్ అణుభారం 2, అది కలవడంతో బయటికిపోయే వాయువు మొత్తం తేలికవుతుంది, వేడి కాస్త తగ్గినా వేగం పెరుగుతుంది. వేడే ముఖ్యమైతే ఈ పని ఎవరూ చెయ్యరు కదా.

పుస్తకాలు ఒక్క లైనుతో సరిపెట్టేది ఇంకోటి ఉంది. ఇంధనం మండడమే కాదు, మండేలోపు ఇంజన్‌ని చల్లబరచాలి కూడా. లోపల మంట 3,000 డిగ్రీలు దాటుతుంది. గోడకి వాడేది చాలాచోట్ల రాగి మిశ్రమం, రాగేమో 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది. అందుకని గోడలోపలే సన్నని కాలువలు తీసి, ఇంధనాన్ని ముందు వాటిలోంచి పారించి, గోడ వేడిని అది లాగేసుకున్నాక అప్పుడు మండిస్తారు. మామూలు కిరసనాయిలు ఇక్కడే ఫెయిల్ అవుతుంది. లాంతరు చిమ్నీకి మసి ఎలా పట్టేదో మీ అమ్మమ్మని అడుగు. అలాంటి మడ్డి ఆ సన్న కాలువల్లో పేరుకుంటే ఆ చోట గోడ చల్లబడదు, చిల్లు పడుతుంది. రాకెట్‌కి వాడే కిరసనాయిల్లో గంధకాన్నీ, మడ్డి కట్టే రకాల్నీ బాగా తీసేసి శుద్ధి చేస్తారు. ఇస్రో తన కిరసనాయిలుకి ఇస్రోసీన్ అని పేరు కూడా పెట్టుకుంది.

పెట్రోలు అంటావా, ప్రపంచంలో మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్ ఎగిరింది పెట్రోలుతోనే! అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1926 మార్చి 16న పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ పోసి ఎగరేశాడు. రెండున్నర సెకన్లు ఎగిరి, ఓ నాలుగంతస్తుల ఎత్తుకు పోయి, పడిపోయింది. తర్వాతివాళ్ళు పెట్రోలు ఎందుకు మానేశారంటే అది తేలిగ్గా ఆవిరవుతుంది, పంపులో ఆవిరి బుడగలు వస్తే ఇంజన్‌కి చేటు, పైగా కిరసనాయిలు కంటే పలచన, నిప్పు భయం ఎక్కువ. ఎగరక కాదు, అంతకంటే నయమైనది పక్కనే ఉంది కాబట్టి.

ప్రశ్న: పైకి కొంత దూరం వరకూ గాలి ఉంటుంది కదండీ, అక్కడిదాకా ఆ గాలే వాడుకుంటే ఆక్సిజన్ బరువు తగ్గదా?
– రైతు, ఉండి

జవాబు: తగ్గుతుందండి, కానీ రాకెట్ దట్టమైన గాలిలో ఉండేది మొదటి రెండు నిమిషాలు మాత్రమే. ఆ కాసేపటి కోసం, నిలబడ్డ చోటు నుంచి ధ్వనికి ఎన్నో రెట్ల వేగం దాకా గాలిని పీల్చుకోగల ఇంజన్ని మోసుకుపోతే దాని బరువే లాభాన్ని తినేస్తుంది. ఆలోచన మాత్రం చచ్చిపోలేదు, గాలి పీల్చే స్క్రామ్‌జెట్ ఇంజన్ని ఇస్రో 2016 ఆగస్టు 28న శ్రీహరికోట నుంచి ఎగరేసి పరీక్షించింది.

ప్రశ్న: అన్నిటికంటే హైడ్రోజనే మంచిదని, పొగ కూడా రాదని మా అబ్బాయికి పాఠం చెప్పాను. అయితే మన పెద్ద రాకెట్లలో కింద భాగంలో హైడ్రోజన్ ఎందుకు పెట్టలేదని వాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
– టీచరు, నరసాపురం

జవాబు: మంచి ప్రశ్న వేశాడండి. మీ ఇంటికి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని తీసుకోండి. నీళ్ళు పోస్తే 20 కిలోలు, కిరసనాయిలు పోస్తే 16 కిలోలు. ద్రవ హైడ్రోజన్ పోస్తే కిలోన్నర కూడా తూగదు, లీటరుకి 71 గ్రాములే మరి. కిలోకి కిలో చూస్తే హైడ్రోజన్ రాజే, క్యాన్‌కి క్యాన్ చూస్తే బీద. అమెరికా స్పేస్ షటిల్ పొట్టకి అంటుకుని ఉండే ఆ పెద్ద నారింజరంగు ట్యాంకు గుర్తుందా, అందులో ఆక్సిజన్ 630 టన్నుల దాకా, హైడ్రోజన్ 106 టన్నులు. అయినా ట్యాంకులో ఎక్కువ చోటు హైడ్రోజన్‌దే, ఆక్సిజన్ గదికి రెండున్నర రెట్ల పైమాటే. ట్యాంకు పెరిగితే దాని రేకు బరువు, దానికి చుట్టే ఇన్సులేషన్ బరువు, గాలి ఒరిపిడి, అన్నీ పెరుగుతాయి.

ఇక చలి. హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే మైనస్ 253 డిగ్రీలు, ఆ చలికి మామూలు గాలి తగిలితే గాలే గడ్డకట్టేస్తుంది. పైగా అన్నిటికంటే చిన్న అణువు, ఏ సందు దొరికినా జారుకుంటుంది. 2022 సెప్టెంబరు 3న నాసా ఆర్టెమిస్–1 ప్రయోగం ఆగిపోయింది ఇలాంటి లీకు వల్లే, చివరికి నవంబరు 16న గానీ ఎగరలేదు. దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు కూడా, అంటుకున్నా తెలీదు. మనవాళ్ళకీ తేలిగ్గా లొంగలేదు. 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజెనిక్ (ఇలాంటి అతి చల్లని ద్రవాలతో నడిచే) ఇంజన్‌తో ఎగిరిన మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్, హైడ్రోజన్‌ని ఇంజన్‌కి అందించే చిన్న పంపు ఆగిపోయి, సముద్రంలో పడింది. 2014 జనవరి 5 దాకా విజయం రాలేదు. నాలుగేళ్ళు, ఒక పంపు దగ్గర మొదలైన కథ అది.

మీ అబ్బాయి ప్రశ్నకి సూటి జవాబు ఏమిటంటే, కింద దశకీ పై దశకీ అవసరాలు వేరు. నేల మీద నుంచి 640 టన్నుల ఎల్‌వీఎం–3 రాకెట్‌ని లేపాలంటే కావలసింది పొదుపు కాదు, బలం. తక్కువ చోటులో ఎక్కువ బరువు పట్టి, దబాయించి తోసేది కావాలి. అందుకని పక్కన రెండు ఎస్200 బూస్టర్లు పెట్టారు, ఒక్కోదాంట్లో 200 టన్నుల పైన ఘన ఇంధనం. మధ్యలో ద్రవ ఇంధనం. అన్నిటికంటే పైన, ఒక్కో కిలో ఆదా అయితే ఉపగ్రహానికి ఒక్కో కిలో కలిసొచ్చే చోట, హైడ్రోజన్.

ఆ ఘన ఇంధనం గురించి కూడా వాడికి చెప్పండి, పిల్లలకి నచ్చుతుంది. చూడ్డానికి, నొక్కితే, పెన్సిల్ రబ్బరు ముక్కలా ఉంటుంది. హెచ్‌టీపీబీ అనే జిగురు లాంటి రబ్బరులో ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పెర్‌క్లోరేట్ పొడి, అల్యూమినియం పొడి కలిపి, పిండిలా పిసికి, గొట్టంలో పోతపోసి, రోజుల తరబడి గట్టిపడనిస్తారు. రబ్బరే ఇంధనం, అన్నిటినీ కలిపి పట్టి ఉంచే జిగురూ రబ్బరే. మధ్యలో బెజ్జం వదులుతారు, మంట ఆ బెజ్జం గోడల నుంచి బయటివైపుకి తింటూ పోతుంది. బెజ్జాన్ని గుండ్రంగా తీస్తే ఒక రకం జోరు, నక్షత్రం ఆకారంలో తీస్తే ఇంకో రకం, ఎందుకంటే మండే ఉపరితలం ఎంతుంటే తోపు అంత. ముద్దలో ఎక్కడైనా పగులు ఉంటే ఆ పగులు గోడలు కూడా అంటుకుంటాయి, ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి గొట్టం పగిలిపోవచ్చు. అందుకే ఎక్స్‌రే తీసి మరీ చూస్తారు. ఒకసారి అంటించాక ఆర్పడం ఉండదు.

హైడ్రోజన్–ఆక్సిజన్ కంటే వేగం ఇచ్చే జత లేదా అంటే ఉంది. 1960ల్లో అమెరికాలో లిథియం, ఫ్లోరిన్, హైడ్రోజన్ మూడూ కలిపి మండించి సెకనుకి 5.3 కిలోమీటర్ల దాకా రాబట్టారు. లిథియం కరిగి ఉండాలంటే 180 డిగ్రీల వేడి, పక్కనే మైనస్ 253లో హైడ్రోజన్, ఆ పక్కన దేన్ని ముట్టుకున్నా తినేసే ఫ్లోరిన్, వెనక నుంచి వచ్చేదేమో గాజుని కూడా కరిగించే ఆమ్లం. అంకె అద్భుతం. ఎవరూ రాకెట్‌లో పెట్టలేదు, నా ఉద్దేశంలో మంచి పని చేశారు.

ప్రశ్న: ఉద్యోగమంతా ఉత్తరాదిలో చేసి రిటైరై ఊరు చేరాను. తణుకు పంచదార ఫ్యాక్టరీలో రాకెట్ ఇంధనం చేస్తారని మా మనవడు అంటున్నాడు. వేళాకోళమేమో అనుకున్నాను. పంచదారతో రాకెట్లు ఎగురుతాయా?
– పెన్షనర్, పెనుగొండ

జవాబు: మనవడు చెప్పింది నిజమే బాబాయి గారూ, పంచదార మాత్రం కాదు. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారి ఆధ్వర్యంలో 1947లో చెరుకు మిల్లుగా మొదలైన ఆంధ్రా షుగర్స్, తర్వాత రసాయనాల్లోకి దిగింది, ఇస్రోకి ద్రవ ఇంధనాలు అక్కడి నుంచి వెళ్తాయి. అందులో ముఖ్యమైనది యూడీఎంహెచ్ అనే హైడ్రజీన్ జాతి ద్రవం. రంగుండదు, కుళ్ళిన చేపా అమ్మోనియా కలిసిన లాంటి వాసన. దానికి నాలుగో వంతు హైడ్రజీన్ హైడ్రేట్ కలిపితే యూహెచ్25, పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో, ఎల్‌వీఎం–3 మధ్య దశలో ఉండే వికాస్ ఇంజన్లు తాగేది అదే. చంద్రయాన్–3 వెళ్ళిన రాకెట్‌లో కూడా.

వేగంలో ఇది హైడ్రోజన్‌కి చాలా దూరం, 2.9 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అయినా ఇన్నేళ్ళుగా ఎందుకు వాడుతున్నారంటే, ఇంధనం సుగుణాల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టే సుగుణం దీనికుంది. ట్యాంకులో మాట వింటుంది. చల్లబరచక్కర్లేదు, మామూలు ఉష్ణోగ్రతలోనే ద్రవం. దాని జోడీ నైట్రోజన్ టెట్రాక్సైడ్ కూడా అంతే, కాస్త చల్లగా ఉంచితే చాలు. రెండూ తగిలిన మరుక్షణం వాటంతట అవే అంటుకుంటాయి, నిప్పురవ్వ అక్కర్లేదు, వాల్వు తెరిస్తే మంట, మూస్తే ఆరిపోతుంది. చంద్రుడి మీద నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళు తిరిగి లేవాల్సిన ఇంజన్‌లో ఇలాంటి జతే పెట్టారు, అక్కడ ఇంజన్ స్టార్ట్ కాకపోతే తొయ్యడానికి ఎవరున్నారు చెప్పండి. మన మంగళయాన్ ఇంజన్ 2013 డిసెంబరులో ఆగి, దాదాపు 300 రోజులు అంతరిక్షపు చలిలో పడుకుని, 2014 సెప్టెంబరులో లేపితే లేచింది. అందులో ఉన్నది కూడా ఈ కుటుంబపు ద్రవమే. అదే హైడ్రోజన్ అయితే అన్ని నెలలు నిలవ ఉండటం కష్టం, మెల్లగా ఆవిరైపోతుంది.

మరి చెడు గుణం? విషం. చిన్న విషం కాదు. పీలిస్తే ప్రమాదం, చర్మానికి తగిలినా ప్రమాదం, క్యాన్సర్ అనుమానం కూడా ఉంది. నింపేవాళ్ళు తల నుంచి కాలిదాకా మూసేసిన, ఊపిరి గాలి లోపలికే అందే సూట్లు వేసుకుంటారు. 1975 జులైలో భూమికి తిరిగి వస్తున్న అమెరికా వ్యోమగాములు ముగ్గురు నైట్రోజన్ టెట్రాక్సైడ్ పొగ పీల్చి ఆసుపత్రి పాలయ్యారు. అంతకుముందు 1960 అక్టోబరు 24న సోవియట్ బైకనూర్‌లో, యూడీఎంహెచ్ నింపిన రాకెట్ పక్కన మనుషులు పనిచేస్తుండగానే ఇంజన్ అంటుకుని, రాకెట్ దళాల అధిపతి మార్షల్ నెడెలిన్‌తో సహా పదుల సంఖ్యలో చనిపోయారు. ఆ వార్తని ఏళ్ళ తరబడి దాచారు. మన దగ్గర 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఈ ఇంధనం కారుతోందని కనిపెట్టి, గంటా పావు ముందు కౌంట్‌డౌన్ ఆపేశారు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్ళు ఉసూరుమన్నారు కానీ, ఆపిన వాళ్ళకి దండం పెట్టాలి. కింద దశల్లో దీని వాడకం మెల్లగా తగ్గుతుంది, కిరసనాయిలు–ఆక్సిజన్ ఇంజన్ని ఇస్రో సిద్ధం చేస్తున్నది కొంత ఇందుకే.

చెరుకుకీ రాకెట్‌కీ అసలు సంబంధమే లేదనకండి. పంచదార తీశాక మిగిలే మొలాసిస్ నుంచి తీసే ఆల్కహాలు ఒకప్పుడు రాకెట్ ఇంధనమే. జర్మన్ల వీ–2 రాకెట్, 1961లో అమెరికా మొదటి వ్యోమగామి అలన్ షెపర్డ్‌ని మోసిన రెడ్‌స్టోన్, రెండూ ఆల్కహాలుతో ఎగిరాయి, మూడు పాళ్ళ ఆల్కహాలుకి ఒక పాలు నీళ్ళు కలిపి. నీళ్ళు ఎందుకంటే మంట వేడి తగ్గి ఇంజన్ గోడలు బతకడానికి. ఇంజన్ ఓర్చుకోగలిగినంత వేడే కావాలి గానీ ఇంధనం ఇవ్వగలిగినంత వేడి కాదు.

ప్రశ్న: తెల్లారుజామున చెరువులో డీవో (నీళ్ళలో కలిసి ఉండే ఆక్సిజన్) పడిపోయి రొయ్యలు పైకి తేలుతుంటే ఏరేటర్లతో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్ కొడతాం సార్. ఇది రాకెట్లకి కూడా వాడతారని షాపతను అన్నాడు. అమ్ముకోవడానికి చెప్పాడా, నిజమా?
– ఆక్వా రైతు, ఆకివీడు

జవాబు: నిజమే చెప్పాడు. చెరువులో మీరు దేనికి కొడతారో రాకెట్‌లోనూ దానికే, ఆక్సిజన్ కోసం. విడిపోతే నీళ్ళు, ఆక్సిజన్, ఇంకేమీ మిగలదు, విషమూ లేదు. తేడా ఘాటులో ఉంది. మీరు కొనేదాంట్లో నీళ్ళు బాగా ఉంటాయి, రాకెట్‌కి 80 శాతం పైన ఉన్నది కావాలి. అది వెండి జల్లెడ మీద పడితే చాలు, భగ్గున వందల డిగ్రీల ఆవిరిగా మారిపోతుంది. వీ–2 లో పంపుల్ని తిప్పింది ఆ ఆవిరే, రష్యా సోయుజ్ రాకెట్లలో పంపులు తిప్పేదీ పెరాక్సైడే. బ్రిటన్ అయితే ఏకంగా పెరాక్సైడ్, కిరసనాయిలు పోసిన బ్లాక్ యారోతో 1971 అక్టోబరు 28న తన ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. విచిత్రమేమిటంటే ఆ కార్యక్రమాన్ని రద్దు చేస్తున్నట్టు అప్పటికే ప్రకటించేశారు.

మరి ఇంత మంచిది అందరూ ఎందుకు వాడరంటే, నమ్మలేం. తుప్పు, మురికి, కొన్ని లోహాలు, ఏది తగిలినా తనంతట తను విడిపోవడం మొదలెడుతుంది, విడిపోతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వేగంగా విడిపోతుంది. 2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్స్క్ 118 మందితో మునిగిపోయింది టార్పెడోలో పెరాక్సైడ్ కారడం వల్లేనని వాళ్ళ దర్యాప్తులో తేలింది. మీ దగ్గర ఉన్నది అంత ఘాటుది కాకపోయినా డబ్బాని ఎండలో పెట్టొద్దు, మూతకి ఉండే గాలి పోయే సన్న రంధ్రాన్ని మూసెయ్యొద్దు, వాడగా మిగిలింది మళ్ళీ అదే డబ్బాలో పొయ్యొద్దు, చేతికి గ్లవుజులు లేకుండా కొట్టించొద్దు.

ప్రశ్న: మా కోనసీమ అంతా గ్యాసే. నా ఆటోలో కూడా సీఎన్‌జీయే. ఇప్పుడు కొత్త రాకెట్లు గ్యాసుతో నడుస్తున్నాయట కదా, మా గ్యాసు పనికొస్తుందా?
– ఆటో డ్రైవర్, అమలాపురం

జవాబు: పనికొస్తుంది తమ్ముడూ, శుద్ధి చేశాక. సహజ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. దాంతోపాటు ఈథేన్, కార్బన్ డయాక్సైడ్, తడి లాంటివి కొంచెం కొంచెం ఉంటాయి. చల్లబరిచేటప్పుడు ఆ తడీ కార్బన్ డయాక్సైడూ గడ్డకట్టి గొట్టాలకి అడ్డం పడతాయి కాబట్టి ముందు తీసెయ్యాలి. నీ ఆటో సిలిండర్‌లో గ్యాసుని 200 బార్ల ఒత్తిడితో కుక్కుతారు, అందుకే ఆ సిలిండర్ అంత బరువు. రాకెట్‌కి అంత మందం ఇనుము మోసే స్తోమత లేదు, రేకు పలచగా ఉండాలి, అందుకని మైనస్ 162 డిగ్రీలకి చల్లబరిచి ద్రవంగా పోస్తారు.

హైడ్రోజన్ కంటే ఆరు రెట్లు చిక్కన, కిరసనాయిలు కంటే కాస్త ఎక్కువ వేగం, మధ్యేమార్గం అన్నమాట. దీన్ని ఇప్పుడు అందరూ ఎగబడి ఎందుకు పట్టుకున్నారంటే మసి దాదాపు కట్టదు. ఇంజన్ని ఒకసారి వాడి పారేసే రోజుల్లో మసి గురించి అంత పట్టింపు లేదు, తిరిగి దింపి మళ్ళీ ఎగరెయ్యాలనుకునేసరికి అదే పెద్ద సంగతి అయింది. ద్రవ ఆక్సిజన్ ఉండేది మైనస్ 183, మీథేన్ దానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి రెండు ట్యాంకుల మధ్య దుప్పట్లు చుట్టే పని కూడా తగ్గుతుంది. మీథేన్ రాకెట్‌తో మొదట కక్ష్యకి చేరింది చైనా వాళ్ళ జూచే–2, 2023 జులై 12న. తర్వాత 2024 జనవరి 8న అమెరికా వల్కన్. స్పేస్‌ఎక్స్ స్టార్‌షిప్ కూడా మీథేన్‌దే, అంగారకుడి గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌కి హైడ్రోజన్ కలిపి అక్కడే ఇంధనం చేసుకోవచ్చని వాళ్ళ ఆశ. ఇస్రో కూడా మీథేన్ ఇంజన్ మీద పనిచేస్తోంది.

మీ ప్రాంతం వాళ్ళకి 1995 పాశర్లపూడి బ్లోఅవుట్ గుర్తుండే ఉంటుంది, గ్యాసు బావి రెండు నెలలకి పైగా మండింది. ఆ మంటలో వేడికి లోటు లేదు, కానీ వేడంతా నాలుగు దిక్కులా పోయింది. అదే గ్యాసుని ఒక గదిలో కట్టడి చేసి, సన్నని గొంతులోంచి పంపి, గంట ఆకారం నాజిల్‌లో వ్యాకోచించనిస్తే ఆ వేడి వేగంగా మారుతుంది. ఇంధనం గొప్పతనంలో సగం ఆ గదిదే.

ప్రశ్న: మా వాడికి పన్నెండేళ్ళు. అగ్గిపుల్లల మందు గీకి సీసాలో దాస్తున్నాడు, రాకెట్ చేస్తాడట. తిడితే ఏడుస్తున్నాడు, వదిలేస్తే నాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: ఆ సీసా ఇవాళే ఖాళీ చేయించండమ్మా, పొడిగా ఉండగా గీకొద్దు, నిండా నీళ్ళు పోసి తడిపాక పారబొయ్యండి. అగ్గిపుల్ల మందు గీకితేనే అంటుకునేలా చేసింది, పోగుపడితే ఒరిపిడికే అంటుకోవచ్చు, గాజు సీసా పగిలితే కళ్ళకే ప్రమాదం. ఇందులో బేరం లేదు.

కానీ రాకెట్ మాన్పించకండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా (మామూలు మంచినీళ్ళ సీసా వద్దు, అది పలచన, ఒత్తిడికి ఆగదు), బిగువుగా పట్టే రబ్బరు బిరడా, దానికి గుచ్చిన సైకిల్ ట్యూబు వాల్వు, ఒక సైకిల్ పంపు చాలు. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, బోర్లించి, స్టాండు మీద నిలబెట్టి గాలి కొడితే బిరడా ఊడి సీసా మేడ ఎత్తు దాటిపోతుంది. మంట లేదు, తోపు ఉంది. గాలి శక్తిని ఇస్తుంది, నీళ్ళు వెనక్కి పోయే బరువు అవుతాయి. నీళ్ళు లేకుండా వట్టి గాలితో ఒకసారి, సగానికి పైగా నీళ్ళతో ఒకసారి ఎగరేయమనండి, ఎందులో ఎంత ఎత్తు పోయిందో నోటుబుక్‌లో రాయమనండి. పంపు గొట్టం పొడుగ్గా ఉండాలి, కొట్టేవాడు సీసా మీదకి వంగకూడదు, చుట్టుపక్కల చిన్నపిల్లలు ఉండకూడదు, సీసా మీద గీతలూ సొట్టలూ పడితే మార్చెయ్యాలి. మొదటిసారి మీరు కూడా పక్కనే ఉండండి, పాత చీర కట్టుకుని వెళ్ళండి, తడవడం ఖాయం.